భర్త కొట్టాడని క్యాజువాలిటీలో చెబితే ఏమవుతుంది? ఒక స్టాఫ్ నర్సు సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయనగరం దగ్గరి పల్లెలో ఉంటున్న మీ చెల్లిని భర్త కొడుతున్నాడు. పోయిన నెల చెయ్యి వాచి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నూతి దగ్గర జారిపడ్డానని చెప్పి, కట్టు కట్టించుకుని ఇంటికి పోయింది. ఈసారి మీరే దగ్గరుండి తీసుకెళ్దామనుకుంటున్నారు. నిజం చెబితే నర్సులు చులకనగా చూస్తారా? అప్పటికప్పుడు పోలీసు కేసు అయిపోతుందా? అసలు వెళ్ళి ఉపయోగం ఉందా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం క్యాజువాలిటీలోనే గడిచింది. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. నిజమే చెప్పమనండి. మొదటి చూపులో, మొదటి డాక్టరుకే చెప్పమనండి. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే గాయం వివరాలతో డాక్టరు రాసే అధికారిక కాగితం) రాస్తారు, ఆసుపత్రిలోని పోలీసు అవుట్‌పోస్టుకి కబురు వెళ్తుంది. అంతమాత్రాన భర్త మీద కేసు కట్టేసినట్టు కాదు. చాలావరకు ఆ నిర్ణయం మీ చెల్లి చేతిలోనే ఉంటుంది. (కొన్ని మినహాయింపులున్నాయి, కింద చెబుతాను.) నర్సుల్లో చులకనగా మాట్లాడేవాళ్ళు లేరని అనను, ఉన్నారు. కానీ ఆమె జారిపడలేదని మాలో చాలామందికి ఆమె నోరు విప్పకముందే తెలిసిపోతుంది.

ఎలా తెలుస్తుందంటే, పడిన దెబ్బ ఒక రకంగా ఉంటుంది, కొట్టిన దెబ్బ ఇంకో రకంగా ఉంటుంది. మనిషి జారితే అరచేతులు నేలకి ఆనిస్తుంది. మణికట్టు విరుగుతుంది, మోకాళ్ళు, మోచేతులు గీసుకుపోతాయి. అదే కర్ర దెబ్బ మొహం మీద పడకుండా చెయ్యి అడ్డం పెడితే, మణికట్టుకీ మోచేతికీ మధ్యలో, చిటికెన వేలు వైపున్న ఎముక విరుగుతుంది. ఎక్స్-రే ఫిల్మ్ దీపానికి పెట్టి చూస్తే అది ఒక్కటే అడ్డంగా చిట్లి కనిపిస్తుంది. మట్టి గాజులు పగిలి మణికట్టు చుట్టూ గుచ్చుకుని ఉంటాయి, చెయ్యి గట్టిగా పట్టుకుని మెలితిప్పితే అలా అవుతుంది. చెవి నొప్పి అని వస్తారు. చూస్తే ఎడమ చెవి కర్ణభేరికి చిల్లు. కుడిచేతి వాటం మనిషి ఎదురుగా నిలబడి లెంపకాయ కొడితే అది పడేది ఎడమ చెవి మీదే. పుల్ల పెట్టి తిప్పుకున్నా చిల్లు పడొచ్చు, కాబట్టి దాన్ని చూసి మేం తీర్పు చెప్పం. అడుగుతాం, అంతే.

ఇంకో గుర్తు వెంట వచ్చినవాళ్ళు. ఆమెను పేరు అడిగితే భర్త చెబుతాడు, ఎక్కడ నొప్పి అంటే అత్త చెబుతుంది. ఆమె మాత్రం వాళ్ళ మొహం చూశాకే మా మొహం చూస్తుంది. దెబ్బ నిన్న మధ్యాహ్నం తగిలితే ఈరోజు రాత్రి తీసుకొస్తారు. వీపు మీద ఒక మచ్చ నల్లగా, ఇంకోటి పసుపు తిరిగి ఉంటుంది. కమిలిన రంగు చూసి ఏ దెబ్బ ఏ రోజుదో కచ్చితంగా చెప్పలేం గాని, అన్నీ ఒకేరోజువి కావని మాత్రం తెలుస్తుంది.

అందుకే మొదట మేం చేసే పని ఆమెను ఒంటరిగా చేయడం. "మీరు బయటికెళ్ళండి, ఆమెతో మాట్లాడాలి" అని భర్తతో అంటే అనుమానం వస్తుంది. ఆ కోపం రేపు ఇంట్లో ఆమె మీదే తీర్చుకుంటాడు. కాబట్టి ఆసుపత్రి పనినే అడ్డం పెట్టుకుంటాం. ఓపీ చీటీ మీద సీలు వేయించుకు రమ్మని ఆయన్ని పంపుతాం. ఈసీజీ తీయాలి, మగవాళ్ళు తెర బయట ఉండాలంటాం. యూరిన్ పరీక్షకని ఆమెను బాత్రూమ్ దాకా మేమే నడిపిస్తాం. ఆ నాలుగైదు నిమిషాల్లోనే అడగాలి. "ఇలాంటి దెబ్బతో వచ్చిన చాలామందిని ఇంట్లోవాళ్ళే కొట్టి ఉంటారమ్మా. నిన్నెవరైనా కొట్టారా?" అని నేను సూటిగానే అడుగుతాను. "ఇంట్లో ఏమైనా గొడవా?" అని నీళ్ళు నమిలితే "ఏటీ నేదు సిస్టరమ్మా" అనే జవాబే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి. వచ్చిన ప్రతి ఆడమనిషినీ వరసపెట్టి అడగక్కర్లేదు గాని, గాయమో పరిస్థితో అనుమానం కలిగిస్తే ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. చెప్పింది నమ్మాలి, ఒత్తిడి చేయకూడదు, ఆ రాత్రికి ఆమె భద్రంగా ఉంటుందో లేదో చూడాలి.

కన్నతల్లి పక్కనున్నా అడగను. ఇది మీకు కష్టంగా అనిపించొచ్చు. "పడిపోయిందని రాయించమ్మా, నీకు పున్నెముంటాది, ఇంకో పిల్ల పెళ్ళికుంది" అని నా చెయ్యి పట్టుకుని బతిమాలిన తల్లులు ఎందరో. వాళ్ళ భయం నాకు తెలుసు. కానీ ఆ గదిలో నా పేషెంటు ఆ తల్లి కాదు, మంచం మీద ఉన్న పిల్ల.

ఇక నర్సులు ఏమనుకుంటారన్న మీ ప్రశ్న. అర్ధరాత్రి, హైవే మీద లారీ గుద్దిన కేసు ఒక బల్ల మీద, పాము కరిచిన పిల్లాడు ఇంకో బల్ల మీద, డ్యూటీలో ఒక డాక్టరు, ఇద్దరు సిస్టర్లు. అప్పుడు వాచిన మొహంతో ఒకామె వస్తే, "ఇది ఫ్యామిలీ మేటర్, మనకెందుకు" అనుకునేవాళ్ళున్నారు. "ఎదురు చెప్పుంటాది, అందుకే కొట్టుంటాడు" అని పైకే అనేసేవాళ్ళున్నారు. అది తప్పు. ఆ మాట ఒక్కసారి చెవిన పడిన మనిషి మళ్ళీ ఏ నర్సు దగ్గరా నోరు విప్పదు. కానీ ఎక్కువమందిలో నేను చూసింది చులకన భావం కాదు, విసుగు. మొన్న అంత చెప్పి పంపితే మళ్ళీ అతని దగ్గరికే పోయి, మళ్ళీ అలాగే వచ్చిందే అన్న నిరాశ అది. కొత్తగా వచ్చే స్టాఫ్‌కి నేను చెప్పేది ఒకటే. మళ్ళీ వచ్చిందంటే మనల్ని నమ్మింది కాబట్టే వచ్చింది. పిల్లలు, డబ్బు, పుట్టింట్లో చోటు, చంపేస్తాడన్న భయం, అతను మారతాడన్న ఆశ, ఇన్ని ముడులు ఒక్క రాత్రిలో విడవు. వెళ్ళిపోయే సమయంలోనే ప్రాణానికి ముప్పు పెరగొచ్చు కూడా. ఎప్పుడు బయటపడాలో మనకన్నా ఆమెకే బాగా తెలుసు.

నర్సుల్లోనూ ఇంట్లో దెబ్బలు తినేవాళ్ళున్నారు. యూనిఫామ్ చేతుల కింద ఆ మచ్చలు నేను చూశాను. వాళ్ళలో కొందరు ఇలాంటి పేషెంటు వస్తే పక్కనుంచి కదలరు, కొందరు మొహం తిప్పుకుంటారు. ఎవర్నీ తప్పుపట్టను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో శారీరక హింసో లైంగిక హింసో అనుభవించిన ఆడవాళ్ళలో ఎవరి సాయమైనా కోరినవాళ్ళు 14 శాతమే. ఆ కోరినవాళ్ళు కూడా ఎక్కువగా పుట్టింటివాళ్ళకే చెప్పుకున్నారు. డాక్టరు, నర్సు దాకా వచ్చింది అతి కొద్దిమంది. కట్టు కట్టించుకోడానికి మాత్రం అందరూ మా దగ్గరికే వస్తారు. అందుకే మేం అడగడం ముఖ్యం అంటున్నాను.

ఇక మీ అసలు భయం, పోలీసులు. ఎంఎల్‌సీ వేరు, ఎఫ్ఐఆర్ వేరు. కొట్టారని చెప్పినా, డాక్టరుకి అనుమానం వచ్చినా ఎంఎల్‌సీ రాయడం డాక్టరు బాధ్యత. దానికి ఆమె అనుమతితో, మీ అనుమతితో పనిలేదు. పేరు, ఊరు, ఎవరు తీసుకొచ్చారు, ఎవరు కొట్టారు, దేనితో, ఎప్పుడు, ఎక్కడ అని రాస్తారు. గుర్తుపట్టడానికి రెండు పుట్టుమచ్చలు చూస్తారు. ప్రతి గాయం ఎక్కడుంది, ఎన్ని సెంటీమీటర్లు అని కొలిచి రాస్తారు. అవుట్‌పోస్టు కానిస్టేబుల్ వచ్చి స్టేట్‌మెంట్ అడుగుతాడు. "ఇప్పుడు ఫిర్యాదు ఇవ్వను" అని ఆమె చెప్పొచ్చు. భార్యని హింసించే భర్త మీద, అత్తింటివాళ్ళ మీద పెట్టే వెనకటి ఐపీసీ 498-ఏ సెక్షనే 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. మూడేళ్ళ దాకా శిక్ష ఉంటుంది. వారెంటు లేకుండా పోలీసులు దాని కింద ముందుకెళ్ళాలంటే బాధితురాలో, ఆమె బంధువులో సమాచారం ఇవ్వాలి. ఆసుపత్రి పంపిన చీటీ ఒక్కటే చాలదు.

మినహాయింపు ఏమిటంటే, ఎముక విరిగితే అది చట్టం లెక్కలో తీవ్ర గాయం. అలాంటప్పుడు, కత్తితో పొడిచినా, నిప్పుతో కాల్చినా పోలీసులు తమంతట తాము కేసు కట్టొచ్చు. మీ చెల్లి చెయ్యి నిజంగా విరిగి ఉంటే ఆ అవకాశం ఉందని ముందే తెలిసి వెళ్ళండి. ఇది చెప్పకుండా మిమ్మల్ని క్యాజువాలిటీకి పంపడం నాకు ఇష్టం లేదు.

మరి ఫిర్యాదు ఇవ్వనప్పుడు నిజం చెప్పి ఏం లాభం అంటారా? ఆ కాగితం ఆసుపత్రి రికార్డులో ఉంటుంది. ఏడాది తర్వాతో రెండేళ్ళ తర్వాతో ఆమె మెజిస్ట్రేటు ముందుకి వెళ్ళిన రోజున "ఫలానా తేదీన భర్త కర్రతో కొట్టాడని చెప్పింది" అన్న ఆ ఒక్క వాక్యం ఆమె పక్షాన నిలబడుతుంది. అక్కడ "జారిపడింది" అని ఉంటే అవతలి వకీలు మొదట చదివి వినిపించేది దాన్నే. మొదట చెప్పిన మాటని తర్వాత మార్చడం చాలా కష్టం. పోయిన నెల సంగతి కూడా ఇప్పుడు చెప్పించండి, "ఇంతకుముందు కూడా కొట్టాడు, అప్పుడు భయపడి పడ్డానని చెప్పాను" అని. డాక్టరు అది కూడా రాయొచ్చు. దెబ్బ తగిలి మూడు నాలుగు రోజులైనా పర్వాలేదు, వెళ్ళండి.

ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. 2005 గృహహింస చట్టం. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. భర్తని జైల్లో పెట్టించడం దాని ముఖ్య ఉద్దేశం కాదు. కొట్టకుండా రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకి డబ్బు, పిల్లల సంరక్షణ, ఇవన్నీ మెజిస్ట్రేటు ద్వారా అడగొచ్చు. ఆ ఉత్తర్వుని భర్త మీరితే అప్పుడు ఏడాది దాకా జైలు. ఆ చట్టం కింద ఆసుపత్రికీ బాధ్యత ఉంది. ఫిర్యాదు చేయలేదన్న కారణంతో వైద్యం కాదనకూడదు. ఆమె చెబితే గృహ సంఘటన నివేదిక ఫారం నింపి జిల్లాలోని రక్షణ అధికారికి పంపాలి. వైద్య పరీక్ష రిపోర్టు కాపీ ఆమెకి ఉచితంగా ఇవ్వాలి. నిజం చెప్పాలంటే ఈ నిబంధన తెలిసిన స్టాఫ్ తక్కువ. కాబట్టి మీరే అడగండి, "గృహహింస చట్టం ఫారం నింపుతారా, రిపోర్టు కాపీ ఇస్తారా" అని. కాదంటే హెడ్ నర్సునో, ఆర్‌ఎంఓనో (ఆసుపత్రి రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) కలవండి. ముంబైలో బాంద్రా భాభా ఆసుపత్రిలో 2000లోనే ఇలాంటి ఆడవాళ్ళ కోసం 'దిలాసా' అని ప్రత్యేక విభాగం పెట్టారు. క్యాజువాలిటీ నుంచి నేరుగా అక్కడికి పంపుతారు. మన జిల్లా ఆసుపత్రులన్నిటిలోనూ అలాంటిది ఉండాలని నేను ఎప్పటినుంచో కోరుకుంటున్నాను.

ఇప్పుడు నేను చెప్పబోయేది మిగతాదంతా మరిచిపోయినా గుర్తుపెట్టుకోండి. గొంతు పట్టుకున్నాడా అని మీ చెల్లిని అడగండి. ఆమె దాన్ని దెబ్బల్లో లెక్కేయకపోవచ్చు. ఒకామె కనుబొమ్మ మీద కుట్లకని వచ్చింది. నేను దూది అద్దుతుంటే "గొంతు కూడా నులిమీసినాడమ్మా, అదేటి కాలేదులే" అంది మామూలుగా. మెడ మీద ఒక్క గీత లేదు. కానీ గొంతు బొంగురు పోయింది. లాలాజలం మింగుతుంటే మొహం చిట్లిస్తోంది. కింది కనురెప్ప లాగి చూస్తే సూదిమొనంత ఎర్ర చుక్కలు. కుట్ల పని ఆపి డాక్టర్ని పిలిచాను. అడ్మిట్ చేసి మెడ రక్తనాళాల స్కాన్ కోసం విశాఖ పంపాం. గొంతు నులిమినప్పుడు మెడలోపల రక్తనాళం పొర చీలొచ్చు. గంటల తర్వాతో, రోజుల తర్వాతో పక్షవాతం రావొచ్చు. లోపల వాపు పెరిగి ఊపిరి ఆడకపోవచ్చు. పైకి మచ్చ లేకుండానే ఇదంతా జరగొచ్చు. కళ్ళు తిరిగాయా, స్పృహ తప్పిందా, తెలియకుండా మూత్రం పోయిందా, గొంతు మారిందా అడగండి. ఒక్కటి అవునన్నా ఆ రాత్రే తీసుకెళ్ళండి, తెల్లవారనివ్వకండి. ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలో ఆ మనిషి తర్వాత చనిపోయే ప్రమాదం మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే ఈ మాట వింటే నేను "ఈ రాత్రికి ఇంటికి పంపొద్దు సార్, అబ్జర్వేషన్‌లో పెడదాం" అని డాక్టర్ని అడుగుతాను. వైద్యానికి అది అవసరం. ఆలోచించుకోడానికి ఆమెకి ఒక రాత్రి కూడా దొరుకుతుంది.

గర్భిణి అయితే, పొట్ట మీద దెబ్బ తగిలితే, నొప్పి లేకపోయినా తీసుకెళ్ళాలి. మాయ విడిపోయి లోపల్లోపల రక్తం పోవచ్చు.

మా ప్రాంతంలో ఇంకోటి ఉంది. దెబ్బలతో కాకుండా పురుగుమందుతో, గన్నేరు పప్పుతో, హెయిర్ డైతో వస్తారు. కడుపు కడగడం, మందులు, గుండె మానిటర్, ఆ హడావిడిలో ఎందుకు తాగిందన్నది ఎవరూ అడగరు. "కడుపునొప్పి భరించలేక" అని బంధువులు రాయించేస్తారు. కాస్త తేరుకున్నాక, పైపు తీశాక, రాత్రి వార్డులో అందరూ పడుకున్న వేళ అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. మందు తాగితే నామీదే కేసు పెడతారన్న భయంతో ఆమె నోరు మూసుకునుంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు. ఈ ఒక్క మాట చెబితే ఎంతోమంది భోరున ఏడ్చేస్తారు. మీ చెల్లి ఎప్పుడైనా చచ్చిపోతానన్న మాట అనుంటే తేలిగ్గా తీసుకోకండి, డాక్టరుకి చెప్పండి.

మంచి ఉద్దేశంతోనే చేసే పొరపాటు ఒకటుంది, అది మీరు చేయకండి, నర్సులు చేయబోతే ఆపండి. భర్తని పిలిచి బుద్ధి చెప్పడం. "ఏమయ్యా, ఆడదాన్ని అలా కొడతారా" అని నలుగురిలో గదమాయిస్తే అక్కడ తల దించుకుంటాడు. ఇంటికెళ్ళాక "ఆసుపత్రిలో నా పరువు తీశావు" అని రెట్టింపు కొడతాడు. ఆమె చెప్పింది అతనికి తెలియకూడదు. అందుకే చేతికి పాంప్లెట్ కూడా ఇవ్వం, జాకెట్టులో పెట్టుకున్నా దొరుకుతుంది. 181 అని మూడంకెలు నోటికి వచ్చేదాకా ఆమె చేత చెప్పిస్తాం. అది మహిళా హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. అప్పటికప్పుడు ప్రాణం మీదికొస్తే 112, అంబులెన్సుకి 108.

తలదాచుకోడానికి చోటు లేకపోతే జిల్లాలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంది. ఆడపిల్లలతో, చిన్న వయసు మగపిల్లలతో కొద్దిరోజులు ఉండొచ్చు, కౌన్సెలింగ్, లాయరు సాయం, పోలీసు సాయం అక్కడే దొరుకుతాయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తుంది. వాళ్ళ ఫోను 15100.

ఇక మీరు చేయాల్సినవి. వెళ్ళేముందు దెబ్బల ఫోటోలు తీయండి, ఒకటి మొహంతో కలిపి, మిగతావి దగ్గరగా. అవి, ఓపీ చీటీ ఫోటో, ఎంఎల్‌సీ నంబరు మీ ఫోన్లో ఉంచండి. ఆమె ఫోన్లో వద్దు. ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు వీలైతే ఒక్కొక్కటే మీ ఇంటికి చేర్చండి. క్యాజువాలిటీలో మీ ఊరి నర్సో, అతని బంధువో డ్యూటీలో ఉండి ఆమె బిగుసుకుపోతే "వేరే సిస్టర్ని పంపండి" అని అడగండి, తప్పేం లేదు. కట్టు కట్టాక ఏ గాయానికి ఏం రాశారో డాక్టర్ని అడిగి తెలుసుకోండి. ఎడమ చెవి వినికిడి తగ్గిందంటే ఈఎన్‌టీకి రాయించండి, ఆ రిపోర్టు కూడా ముఖ్యమే.

చివరిగా, మీరు ఆమె పక్కనే ఉండొచ్చా అని కూడా అడిగారు. ఉండండి, ధైర్యంగా ఉంటుంది. కానీ ఆ డ్యూటీ సిస్టర్ "అక్కా, మీరు కూడా రెండు నిమిషాలు బయట ఉండండి" అంటే నొచ్చుకోకుండా వెళ్ళండి. తోడబుట్టినదానికి కూడా చెప్పుకోలేనివి కొన్ని ఆ రెండు నిమిషాల్లోనే చెబుతారు.